బండ మీది చూలాలు

పెన్సిల్వేనియా కొండల్లో మా అద్దె ఇంటి వెనక పెద్ద బండ ఉండేది. ఎనభైల మొదట్లో ఒక జూలైలో దాని మీదికి ర్యాటిల్‌స్నేక్ వచ్చి చేరింది. పసుపు ఒంటి మీద నల్లటి పట్టీలు, తోక చివర ఎండు గిలకలు. అప్పటికి నాకు మూడోసారి కడుపు పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఆసుపత్రి ల్యాబ్‌లో రోజంతా నిలబడి వచ్చి సోఫాలో కూలబడితే, లేవబుద్ధి అయ్యేది కాదు.

మా ఆయనకి మాత్రం పామును చూడగానే ప్రాణం లేచొచ్చింది. పవర్ ప్లాంట్‌లో ఇంజనీరే గానీ, పిల్లల విషయంలో ఆయన మొక్కని దేవుడు లేడు.

"నాగుల చవితికి ఇక్కడ పుట్టెక్కడ దొరుకుతుందన్నావుగా? స్వామే ఇంటికొచ్చాడు. లే, పాలు పోద్దువుగాని."

"పుట్ట లేకుండా ఎక్కడ పోయనండీ?"

"బండ మీదే పోసెయ్. ఆయన అడ్జస్ట్ చేసుకుంటాడులే."

వాదించే ఓపిక లేదు. ఫ్రిజ్‌లోంచి పాల కార్టన్ తెచ్చి దూరం నుంచే ఒలకబోశాను. పాలు పాకి ఒంటికి తగలగానే పాము చుట్ట బిగించి తోక ఆడించింది. ఎండు కందికట్ట దులిపినట్టు చప్పుడు. ఆయన చెంపలు వేసుకుంటూనే వెనక్కి పరిగెత్తారు. నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా బలం ఉండాలి కదా.

కంచె అవతలి నుంచి పక్కింటావిడ కేకలేస్తూ వచ్చింది. స్కూల్లో బయాలజీ చెప్పి రిటైరైన మనిషి. కాటేస్తే ప్రాణం మీదికొస్తుందని మమ్మల్ని చివాట్లు పెట్టి, పాములు పాలు తాగవని, పైగా ఇది చూలాలని చెప్పింది. ఈ జాతి గుడ్లు పెట్టదట, పిల్లల్నే కంటుందట. కడుపులో వాటికి వెచ్చదనం కోసం వేసవంతా ఇలా ఎండలో పడి ఉంటుందట. తిండి కూడా దాదాపు మానేస్తుందట.

ఆ తర్వాత రోజూ పని నుంచి రాగానే వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. దాని ఒళ్ళు లావెక్కుతుంటే పాము మీద కూడా అసూయ పడ్డాను.

సెప్టెంబర్‌లో బండ కింద బూడిదరంగు పిల్లలు కనిపించాయి. తల్లి పక్కనే ఉంది. చర్మం వదులై, వెన్నెముక పైకి తేలి, అదేనా ఇది అనిపించింది. పిల్లలు తొలి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయని, ఆపైన తల్లి తిని కోలుకుని మళ్ళీ కనడానికి మూడు నాలుగేళ్ళైనా పడుతుందని పక్కింటావిడ చెప్పింది.

ఆయన ఆనందం పట్టలేకపోయారు. "శకునం చూశావా! సోమవారం స్పెషలిస్ట్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చేస్తా."

"మీ స్వామి ఆ పాముకి మూడు నాలుగేళ్ళు టైమిచ్చాడండీ. మీరు నాకు సోమవారం దాకా ఇస్తున్నారు."

ఆయన కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"బాగా చిక్కిపోయావు," అన్నారు.

ఆ మాటకి, నిలబడ్డచోటే కూర్చుని ఏడ్చేశాను.