అరగంట అద్దె పత్రిక

రంగూన్‌లోని ఆ సందులో మేడమేడకీ ఒక తాడు వేలాడుతుంది. పత్రికలు అద్దెకిచ్చే బో టిన్ పొద్దున్నే సైకిలు దిగి, తాడు కొసనున్న క్లిప్పుకి పత్రిక తగిలించి లాగితే పైన గంట మోగుతుంది. అద్దె అరగంటకే. ఆలస్యమైతే "కంఠస్థం చేస్తున్నారా?" అని కింద నుంచే కేకేస్తాడు. మడత నలిగిందంటే ఆ రోజంతా సణుగుడే. సైన్యం గద్దెనెక్కి పత్రికలు మూయించాక, సర్కారు పత్రిక జనం ముట్టుకోలేదు. మూతపడిన పత్రిక ఆఖరి సంచిక ఒక్కటి అతని దగ్గర మిగిలింది. నెలల తరబడి అదే తాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉండేది. చిరిగినచోట అన్నం మెతుకులతో అతికించేవాడు.

ఒకరోజు మూడో అంతస్తులో ఉండే న్వే యీ అనే ఆవిడ గంటసేపు దాటినా తాడు దించలేదు. ఏనాడూ మెట్లెక్కని బో టిన్ ఆయాసపడుతూ ఎక్కాడు. ఆమె పత్రిక నేలమీద పరుచుకుని కూర్చుంది.

"సైన్యం కాల్పుల్లో ఒక్కడూ చావలేదని ఇవాళ సర్కారు పత్రికలో రాశారట, అన్నా," అంది తలెత్తకుండా. "రోడ్డు మీద పడున్న నా కొడుకు ఫొటో దీంట్లోనే ఉంది. ఇంకో అరగంట ఉంచుకోనా?"

బో టిన్ వంగి ఆ ఫొటో చూశాడు.

"నీ దగ్గరే ఉంచుకో తల్లీ. మడత మాత్రం వాడి మొహం మీద పడకుండా చూడు."