నోట్లో పెట్టకూడని రొట్టె

“వీధికుక్క వస్తే దానికైనా ముద్ద పడేస్తావు గానీ, నా తమ్ముడికి దేవుడి రొట్టె పెట్టనంటావేంటే?”

“కుక్కకి గొంతు బాగుంది వదినా. నీ తమ్ముడికి బాగోలేదు.”

“గోరంత ముక్క. చర్చి అయ్యగారు తుంపితే అంత కూడా ఉండదు. దానికే సచ్చిపోతాడా?”

“పోయిన నెల నువ్వు పట్టింది చెంచాడు కాఫీయే. దానికే కాకినాడ దాకా ఎత్తుకెళ్ళాం. మర్చిపోయావా?”

“అది కాఫీ. ఇది ప్రభువు బల్ల.”

“ఆ తేడా గొంతుకి తెలీదు.”

“నీకు తెలీదా మరి?”

నేను లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టొచ్చాను.

మా వదిన అంటే మా ఆయనకి అక్క. ఆ శనివారం మధ్యాహ్నం అడవిపొలం ఊరి నుంచి ఆటో ఎక్కి ఫరంపేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని ఈ పోట్లాట పెట్టింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే మనిషి. ప్రార్థనకి తప్ప దాన్ని బయటికి తియ్యదు. ఆవిడకి ఇన్నేళ్ళలో ఏమీ కాలేదు. మామూలుగా అప్పుడొకటి ఇప్పుడొకటి కాల్చిన మా ఆయనకి గొంతులో కేన్సరు వచ్చింది. దానికి ఎవరిని ఏమని అడగను?

పెద్దాస్పత్రిలో కరెంటు పెట్టించాం, మందులు ఎక్కించాం. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ లేచింది. ఇక చేసేదేమీ లేదు, ఇంట్లో ఉంచి జాగ్రత్తగా చూసుకోండి అని డాక్టరు చెప్పేనాటికి ఆయనకి మంచినీళ్ళు మింగినా పొలమారుతోంది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. తిండి, నీళ్ళు, మందులు అన్నీ అందులోంచే. నోటి ద్వారా ఒక్క చుక్క కూడా పొయ్యొద్దన్నారు. మింగినది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారు.

జాగ్రత్తగా చూసుకోండి అని ఊరికే వదిలెయ్యలేదు. ఎలా చూసుకోవాలో ఆ ఆస్పత్రిలోనే ఒక గదిలో ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి నేర్పారు. నేనూ మా కోడలూ వెళ్ళాం. నేను చదివింది మూడో తరగతి దాకా. మళ్ళీ బెంచీ మీద కూర్చుంటానని అనుకోలేదు. మా ముందు బల్ల మీద ఒక రబ్బరు బొమ్మ. దాని ముక్కులో గొట్టం. నేర్పే సిస్టరమ్మ చిన్న పిల్ల, మా మనవరాలి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. గంజి బాగా వడకట్టాలని, మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలని, సిరంజి పైకి పట్టుకుంటే దానంతట అదే దిగాలి గానీ నొక్కకూడదని, అయ్యాక నీళ్ళు పోసి గొట్టం కడగాలని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా ఒక్కొక్కరి చేతా చేయించింది. వాళ్ళమ్మ కోసం వచ్చిన ఒక ఆటో అతను, బొమ్మ అని తెలిసి కూడా గొట్టం పట్టుకోగానే చెమటలు పట్టి గోడకి జారబడ్డాడు. అందరం నవ్వాం. అతను కూడా నవ్వాడు. తరవాత అతనే అందరికంటే బాగా చేశాడు.

నాకు ఆ చదువు నచ్చింది. ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంది. పుండ్లుంటే కడగడానికి కొన్న దూదే అక్కర్లేదు, పాత నూలు చీర ముక్కలు చేసి ఇడ్లీపాత్రలో ఆవిరి పెట్టండి అని సిస్టరమ్మ అన్నప్పుడు, ఈ పిల్లకి సంసారం తెలుసు అనుకున్నాను. మిగిలిన గంజి దాచొద్దు, పారబొయ్యండి అన్నప్పుడు మాత్రం నా ప్రాణం ఒప్పుకోలేదు. అందుకని ఎంత పడుతుందో అంతే కాచడం నేర్చుకున్నాను. చివర్లో ఆ పిల్ల, “మీరూ వేళకి తినండి మామ్మగారూ, మీరూ పడుకోండి. మీకు బాధగా ఉంటే ఎవరితోనైనా చెప్పుకోండి,” అంది. ఆ మాట నాకు పనికిమాలిన మాటలా అనిపించింది. చెప్పుకుంటే ఏం వస్తుంది, పని మిగిలిపోతుంది అనుకున్నాను.

ఇంటికొచ్చాక చెప్పింది చెప్పినట్టు చేశాను. మా ఆయనకి నా పద్ధతులు మొదటినుంచీ తెలుసు కనక ఎదురు చెప్పలేదు. గంజి దిగుతున్నంతసేపూ సిరంజిలోకే చూస్తూ ఉండేవాడు. ఒకసారి మాత్రం, ఆ బొంగురు గొంతుతోనే, “ఇందులో ఉప్పు ఏశావా?” అని అడిగాడు.

“వేశాను.”

“నాకెలా తెలుస్తాది?” అన్నాడు.

అంతవరకు బాగానే నడిచింది. పోయిన నెల నేను రేషన్ షాపుకి వెళ్ళి వచ్చేలోగా వదిన జాలిపడి చెంచాడు కాఫీ నోట్లో పోసింది. దగ్గు ఆగలేదు. రాత్రికి జ్వరం. కాకినాడ తీసుకెళ్తే ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందన్నారు. మనిషి తిరిగొచ్చాడు గానీ సగమే వచ్చాడు. మళ్ళీ ఒకసారి ఇలా అయితే తట్టుకోడని అక్కడే చెప్పారు. వదిన ఆ మాట విననట్టే ఉంది గానీ, వింది.

ఇదంతా తెలిసి కూడా ఆయన రొట్టె అడిగాడు. అసలు పోట్లాట తెచ్చింది వదిన కాదు, ఆయనే. మా ఆయన పెద్ద భక్తిపరుడేం కాదు. ప్రార్థన కూటానికి రమ్మంటే వల బాగుచేసుకోవాలి అనేవాడు. కానీ నెలలో మొదటి ఆదివారం బల్లకి మాత్రం చేపల వేట మానేసైనా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళేవాడు. గొట్టం వేసినప్పటినుంచి అది లేదు. రేపు మొదటి ఆదివారం, ఆరాధనకి ముందు అయ్యగారు ఇంటికొచ్చి బల్ల ఇస్తారట అని వదిన వచ్చి చెప్పగానే మంచం మీదినుంచి చెయ్యి ఎత్తి, “నోటికి,” అన్నాడు. గొట్టం వైపు చూపించి, కాదన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ “నోటికి,” అన్నాడు.

పోట్లాట ఎటూ తెగకపోతే మా కోడలు, “అత్తయ్యా, మీరిద్దరూ కాసేపు ఆగండి. సిస్టర్‌కి ఫోన్ చేద్దాం,” అని చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

“నోట్లో పెట్టుకుని రుచి చూసి ఉమ్మేయమనండి మామ్మగారూ,” అంది సిస్టరమ్మ. “చాలామందికి అలా చెప్తాం. పచ్చడి కూడా నాలిక్కి రాసుకోమంటాం.”

“ఇది ఉమ్మకూడదమ్మా,” అన్నాను.

“ఎందుకని?”

ఆ పిల్ల మా మతం కాదు. అది ప్రభువు శరీరంగా తీసుకునేది, నోట్లో పెట్టుకుంటే మింగాల్సిందే అని కోడలు వివరంగా చెప్పింది. అది విని సిస్టరమ్మ, “అయితే ద్రాక్షరసంలో బాగా నానబెట్టి, వడకట్టి, గొట్టంలోనే పొయ్యండి. ఎలాగైనా లోపలికే కదా వెళ్తుంది,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇది నాకు చేతనైన పని. వడకట్టే గుడ్డ అప్పుడే తీసి పెట్టాను. వదిన కూడా, “పర్వాలేదు, బుర్రున్న పిల్లే,” అని చుట్ట వెలిగించుకుంది.

లోపలికి వెళ్ళి ఆయనకి చెప్పాను. విన్నాడు. వేలు నాలుక మీద పెట్టుకుని చూపించి, తల అడ్డంగా ఊపాడు. గొట్టంలో పోసింది తనకి తెలియదని ఆయన బాధ. ఇన్నాళ్ళనుంచి కడుపు నిండుతోంది గానీ ఒక్కనాడూ తిన్నట్టు లేదు. ఉప్పు సంగతి అడిగిన మనిషే కదా.

కోడలు అయ్యగారికి ఫోన్ చేసింది. ఆయన కొత్తగా వచ్చినవారు, వయసు తక్కువ. “దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా. పెదవులకి తాకించినా చాలు,” అన్నారు. ఆ మాట వినగానే మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఆ కుర్రాయన అందరికీ అన్నీ చాలంటాడు,” అంది వదిన.

అప్పుడు మళ్ళీ సిస్టరమ్మకే ఫోన్ చెయ్యమన్నాను. ఈసారి నేనే మాట్లాడాను. “పెట్టమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు తల్లీ. నువ్వు ఏది చెప్తే అదే చేస్తాను. ఇన్నాళ్ళూ అదే చేశాను.”

“ఈ ఒక్కటీ నేను చెప్పలేను మామ్మగారూ,” అంది. “పెడితే ఏం జరగొచ్చో మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. అన్నీ తెలిసే కావాలంటే అది ఆయన ఇష్టం. పెట్టడమే అయితే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం గుండెకి ఆనేలా వంచి, మెతుకంత పెట్టండి. దగ్గొస్తే ముందుకి వంచండి. భద్రమని మాత్రం నేను అనలేను.”

“మరి ఆ గదిలో అన్నీ నేర్పావు. ఇది నేర్పలేదేం?”

“ఇది మాకూ ఎవరూ నేర్పలేదండి,” అంది ఆ పిల్ల. ఉంటానమ్మా అని పెట్టేశాను.

ఆయన దగ్గరికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

“దగ్గొస్తే ఆగదు,” అన్నాను.

తెలుసన్నట్టు తల ఊపాడు.

“జ్వరం వస్తుంది. మళ్ళీ కాకినాడ.”

“ఎల్లను.”

“వెళ్ళకపోతే?”

ఆయన నా మొహంలోకి చూసి, “ఈ ఒక్కసారి,” అన్నాడు.

“నా చేత్తో మాత్రం పెట్టను.”

“అయ్యగారు పెడతారు.”

“నిన్ను లేపి కూర్చోబెట్టేది నేనే కదయ్యా.”

“కూర్చోబెట్టు,” అన్నాడు. అదేదో పడవ నెట్టమన్నట్టు, అంత మామూలుగా అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. తోమాల్సిన పని లేకపోయినా గిన్నెలు మళ్ళీ తోమాను. వద్దంటే, ఆయన ఆఖరిగా అడిగినది కాదన్నదాన్ని అవుతాను. సరేనంటే, తెలిసి తెలిసి ఊపిరి ఆపినదాన్ని అవుతాను. సంతలో బేరం తెగకపోతే లేచి వచ్చెయ్యడం నాకు అలవాటు. ఇక్కడినుంచి లేచి ఎక్కడికి పోను? చెప్పుకోండి అని సిస్టరమ్మ అన్న మాట గుర్తొచ్చి, తలుపు దగ్గర నిలబడ్డ కోడలితో, “నాకేం తోచడం లేదే అమ్మాయ్,” అన్నాను. కోడలు నా చేతిలో గిన్నె తీసుకుని తనూ తోమింది.

పొద్దు వాలేవేళకి వదిన వెళ్ళిపోతానంటే ఉండిపొమ్మన్నాను. చాప వేశాను.

“రొట్టె పెట్టనన్నావని నేనేం ఊళ్ళో సెప్పనులే,” అంది పక్క సర్దుకుంటూ.

“చెప్పకుండా నువ్వు ఉండవు.”

“సెప్తాను గానీ, మెల్లగా సెప్తాను,” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఆవిడ, “నువ్వు ఏం సేసినా నేను నిన్ను అనను. నా మాట కాదు, వాడి మొహం సూసి సెయ్యి,” అంది. ఆ మాట కంటే తిట్టుంటేనే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు వచ్చారు. అప్పటికి ఆయనకి మొహం కడిగి, ఉతికిన చొక్కా వేసి, వెనకాల దిండ్లు పేర్చి నిటారుగా కూర్చోబెట్టాను. మంచం పక్కన స్టూలు మీద కోడలు తెల్లగుడ్డ పరిచింది. అయ్యగారు వాక్యం చదివి ప్రార్థన చేశారు. పెదవులకి తాకిస్తే చాలునని మళ్ళీ అన్నారు. మా ఆయన నోరు తెరిచే ఉంచాడు. అయ్యగారు నా వైపు చూశారు. నేను ఆయన తల వెనక చెయ్యి వేసి గడ్డం కిందికి వంచాను. అయ్యగారు మెతుకంత తుంపి నాలుక మీద పెట్టారు.

ఆయన నోరు మూసుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు. దవడ మెల్లగా కదిలింది. తరవాత మింగబోయాడు. దగ్గు వచ్చింది. ముందుకి వంచి పట్టుకున్నాను. దగ్గి దగ్గి మొహం నల్లబడింది. వదిన గట్టిగా ప్రార్థన చేస్తోంది. కోడలు వీపు పట్టుకుంది. ఆ ముక్క జిగురుతో సహా వచ్చి నా అరచేతిలో పడింది. దగ్గు మెల్లగా తగ్గింది.

అందరూ నా చెయ్యి వైపే చూశారు. అయ్యగారు, “పర్వాలేదమ్మా,” అన్నారు గానీ ఏం చెయ్యాలో చెప్పలేదు. మా ఆయన కూడా అటే చూస్తున్నాడు. ఉమ్మి పారెయ్యకూడనిది అది. నేను నోట్లో వేసుకుని మింగేశాను.

తరవాత చెయ్యి కడుక్కుని, ఆయన మొహం తుడిచి, వేళయింది కనక గంజి తెచ్చి గొట్టంలో పోశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది.