వికెట్టు రాయి

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మా బడి వెనక నుంచి ఇప్పపూల వాసన వస్తుంది. తియ్యగా, కాస్త పులిసినట్టు. అందరికీ అది ఎండాకాలం వాసన. నాకు మాత్రం ఎస్తేరు టీచర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని, "మొత్తం చెప్పు జోగమ్మా" అంటున్నట్టుంటుంది. ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. అయినా నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ముదిగొండ నుంచి వచ్చిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు మాకు సోషల్. భద్రాచలం రోడ్డు పక్కన అడవి అంచున ఫ్యాక్టరీ కాలనీ, అందులో మా బడి. ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇళ్ళ పిల్లలకే సీటు. మా తాత అక్కడ వాచ్‌మన్ కాబట్టి మా కోయగూడెం నుంచి నేనొక్కదాన్నే చదివేదాన్ని. ఎనిమిదో తరగతిలో, వార్షికోత్సవానికి కాలనీ చరిత్ర మేమే రాసి చదవాలన్నారు. మొదటి వాక్యం టీచరే బోర్డు మీద రాసింది: "కాలనీ రాకముందు ఇక్కడ అడవి తప్ప ఏమీ లేదు." మేం నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నాం.

గ్రౌండులో ఒక నిలువు రాయి ఉండేది. మగపిల్లలకు అదే వికెట్టు. మావాళ్ళు పోయినవాళ్ళ పేరున రాయి పాతుతారు, ఏటా కొత్త ఇప్పపూలు ముందు వాళ్ళకు పెట్టి తర్వాతే మేం ముట్టుకుంటాం. నాయనమ్మ ఎప్పుడూ బడి వదిలాక వచ్చి పెట్టిపోయేది. ఆ ఏడు ఎండకు తాళలేక పొద్దున్నే వచ్చింది. ఆట ఆపించి, రాయి కడిగి, పూలు పెట్టింది. పిల్లలు ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

టీచర్ దగ్గరికొచ్చి, "ఎవరిదమ్మా ఈ రాయి?" అంది.

"మా అత్తది. ఇది మా ఊరే గదా టీచరమ్మా. నువ్వు పాఠం చెప్పే జాగల మా పసుల కొట్టం ఉండె."

మర్నాడు టీచర్ బోర్డు ముందు నిలబడి, "నేను తప్పు రాసిన. కొట్టెయ్యుండ్రి" అంది. హెడ్మాస్టర్ సారు ఆమెను వరండాలోకి పిలిచి గొణిగాడు. "పెద్దోళ్ళు వస్తరమ్మా, గివన్నీ ఎందుకు? నీ నౌకరి ఇంకా పర్మినెంటు కాలే, యాదుంచుకో."

"అవ్ సార్, యాదున్నది" అని క్లాసులోకి వచ్చేసింది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఊరు పోగొట్టుకున్న పిల్లనని తలెత్తుకుని తిరిగాను. ఆ ఉత్సాహంలోనే టీచర్‌ని మా ఇంటికి తీసుకెళ్ళాను. అందరినీ ఖాళీ చేయించింది ఎవరని ఆమె అడిగితే నాయనమ్మ తడుముకోలేదు. "ఇంకెవరు, ఈ పిల్ల తాతనే. ఊరికి పెద్దమనిషి గదా. ఇల్లిల్లు తిరిగి లేపిండు. పోనన్నోళ్ళను తిట్టిండు. గందుకే నౌకరి ఇచ్చిండ్రు." తాత మంచం మీదే ఉన్నాడు. చుట్ట వెలిగించుకున్నాడు గానీ కాదనలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు వాగుదాకా వెంట వెళ్ళి బతిమాలాను. "తాత సంగతి వద్దు టీచర్. నవ్వుతరు."

"మొన్న నాకు నచ్చినంతే నేను రాసిన. ఇప్పుడు నీకు నచ్చినంతే నువ్వు రాస్తవా?" అంది. "అయినా చదివేది నువ్వు. నీ ఇష్టం బిడ్డా."

నీ ఇష్టం అంటే ఎంత కోపమొచ్చిందో! కొట్టి చదివించినా బాగుండేది.

వార్షికోత్సవం రోజు మొత్తం చదివాను. గేటు దగ్గర ఖాకీ బట్టల్లో తాత నిలబడి విన్నాడు. వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. తర్వాతి ఏడు టీచర్‌ని మళ్ళీ తీసుకోలేదు. ముదిగొండ వెళ్ళిపోయింది. అంత అవసరమా అని ఇప్పటికీ ఆమెతో మనసులో పోట్లాడుతూనే ఉంటాను. ఒక్కోసారి నేనే గెలుస్తాను.

ఇప్పుడు ఆ బడిలో మా గూడెం పిల్లలకూ సీటు ఇస్తున్నారు, సోషల్ చెప్పేది నేనే. ఇవాళ ఎనిమిదో తరగతిని రాయి దగ్గరికి తీసుకెళ్ళి ఊరి సంగతి చెప్పాను. మా గూడెం పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు. అక్కడితో ఆపేస్తే ఎంత హాయి! ఏటా ఆపేద్దామనే అనుకుంటాను.

"మరి లేపింది ఎవరు టీచర్?" అంది ఒక పిల్ల.

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

"మా తాత" అన్నాను. "గందుకే నేను ఈ బడిల చదువుకున్న."