బురదరాకాసి మీద నా నివేదిక

నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ని. ఈ లిఫ్టు ఎనిమిదిమందిని మోస్తుంది, అది మోయదు అని రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు ఇదే పని చేయడంతో నాకొక జబ్బు పట్టుకుంది. కంటబడ్డ ప్రతిదాని మీదా తీర్పు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

ఆదివారం సాయంత్రాలు మా వీధిలోని సెలూన్ వెనక గదిలో ఆరుగురం యుద్ధం చేస్తాం. నవ్వకండి. పెద్ద బల్లమీద వేలెడేసి బొమ్మల సైన్యాలు నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి నరుక్కుంటాం. ఆరు విడతలయ్యాక బల్లమీది మూడు గుట్టల్లో ఎక్కువ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు గెలిచినట్టు. చెరో రెండువేల పాయింట్లలో సైన్యాన్ని కూర్చుకోవాలి. విలుకాడికి పది పాయింట్లు. కొత్తగా వచ్చిన బురదరాకాసి ఒక్కదానికే నాలుగువందల యాభై.

ఆ బొమ్మను కొన్నది నేను, రంగులు వేసింది మా ఆవిడ. ఆవిడ కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. రెండు నెలలు సన్నకుంచె పట్టుకుని కూర్చుంది. ఆ రాకాసి చిగుళ్ళకు ఏ పళ్ళ డాక్టరూ వంక పెట్టలేడు.

నేను పెట్టాను. అది విడతకు సగటున ఎందరిని చంపుతుందో, అన్నే పాయింట్లకు వచ్చే నలభై అయిదుమంది విలుకాళ్ళ ముందు ఎంతసేపు ఆగుతుందో లెక్కకట్టి, నాలుగు పేజీల నివేదిక రాసి సెలూన్ గోడకు అంటించాను. "ఈ ప్రాణి పాయింట్లు దండగ. అలమరలో పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు" అని ముగించాను. మెచ్చుకుంటుందని ఇంట్లోనూ చదివి వినిపించాను.

మా ఆవిడ గిన్నె తుడవడం ఆపింది.

"అలమర బొమ్మ కోసమా నేను రెండు నెలలు మెడ పడిపోయేలా కూర్చున్నది?"

"అది కాదు, లెక్క ప్రకారం..."

"ఆదివారం నేనూ వస్తా. మీ లెక్క మీరు తెచ్చుకోండి, నా రాకాసిని నేను తెచ్చుకుంటా."

ఏళ్ళ తరబడి నా సోది విని విని ఆవిడకు నియమాలన్నీ నోటికొచ్చు. మిగతా పాయింట్లకు బల్లెంగాళ్ళను తీసుకుని, రాకాసిని బల్ల నడిమధ్యన నిలబెట్టి, విడతకు కాస్త చొప్పున ముందుకు జరుపుతూ వచ్చింది. అది నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది.

"బాణాలు వెయ్యండి సార్!" అన్నాడు సెలూన్ ఓనరు.

"కాస్త వెనక్కి జరిగి వేస్తా."

వెనక్కి జరిగితే ఆ విడతకు బాణం వేయకూడదు. అది తెలిసీ మళ్ళీ జరిగాను. గుర్రాలను పక్కకు తప్పించాను. ఆఖరికి నా సైన్యమంతా బల్ల మూలన, వానకు బస్‌స్టాపులో నక్కిన జనంలా ఒకరినొకరు ఒరుసుకుని నిలబడింది. ఈలోగా ఆవిడ బల్లెంగాళ్ళు తీరిగ్గా నడుచుకుంటూ పోయి మూడు గుట్టలూ ఎక్కేశారు.

"చూశావా, రాకాసి చంపింది ఇద్దర్నే. నా లెక్క తప్పలేదు" అన్నాను.

"లెక్క బాగానే ఉందండీ. మీరే దడుసుకున్నారు."

గదంతా ఘొల్లుమంది. ఆ వారమే నివేదికకు అయిదో పేజీ చేర్చాలని రాసుకున్నాను. భయపెట్టడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ ప్రాణి విలువ తొమ్మిదివందలు! అంటించేముందు రుజువు చేద్దామని, మా ఆవిణ్ణి బతిమాలి రాకాసిని అడిగి తీసుకుని, తర్వాతి ఆదివారం సెలూన్ ఓనరు మీదికి వెళ్ళాను. దాన్ని నడిమధ్యన నిలబెట్టి, ఎప్పుడు పారిపోతాడా అని చేతులు కట్టుకుని చూశాను.

అతను టీ ఊదుకుంటూ విలుకాళ్ళందరినీ వరసగా నిలబెట్టి బాణాలు వేయించాడు. రెండో విడతకే రాకాసి చచ్చింది.

"నీకు భయం వెయ్యలేదా?" అన్నాను.

"భయమెందుకు సార్? పనికిరాదని మీరేగా రాశారు. నాలుగు పేజీలూ చదివాను."

నా రాతను ఆసాంతం చదివి నమ్మిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఏరికోరి అతనితోనే ఆడాను.

అప్పటినుంచి అక్కడ నన్నెవరూ అభిప్రాయం అడగరు. అడక్కపోయినా చెబుతూనే ఉన్నాను. పోయిన వారం రాతిఏనుగు మీద మూడు పేజీలు అంటించాను. మా ఆవిడ దానికి రంగులు వేయడం మొదలుపెట్టిందని తెలిశాక, వెళ్ళి రెండు పేజీలు పీకేసి వచ్చాను.