ఊకబూడిద మీద అడుగు

మా బావ పున్నారావుది గుడివాడ. చిన్నప్పుడు రైసుమిల్లు వెనక ఊకబూడిద కుప్ప మీద కాలు పెట్టాడు. పైన చల్లగానే ఉంది, లోపలంతా నిప్పు. మోకాలిదాకా కాలింది. అప్పట్నుంచి మిల్లువాళ్లలాగే చెంబుడు నీళ్లు చల్లి, చుయ్‌మనకపోతేనే బూడిద మీద అడుగేసేవాడు.

అలాంటి మనిషికి తొంభై ఏడులో గుజరాత్‌లో చమురుబావుల దగ్గర ఉద్యోగం దొరికింది. అక్కడి ముడిచమురు తారులా చిక్కన, పైకి రాదు. అందుకని బావిలోకి గాలి పంపి, భూమి లోపలే కొంత చమురుకు నిప్పంటిస్తారు. ఆ వేడికి మిగతాది పల్చబడి పక్క బావుల్లోకి పారుతుంది.

"ఆ మంట ఎప్పుడు ఆర్పుతారండీ?" అని బావ ఇంజనీరుగారిని అడిగాడట.

"ఆర్పం. ఏళ్ల తరబడి మండాలి. కిలోమీటరు లోతున ఉంది, మీకెందుకు భయం?"

ఊకబూడిదా పైకి చల్లగానే ఉండింది కదా! బావ సీసాతో నీళ్లు చల్లుకుంటూ నడుస్తుంటే అందరూ నవ్వారట. నవ్వరూ మరి, వాళ్లకు కాలిందా?

సెలవుకు వచ్చిన రోజు పొద్దున్నే మా అక్క శేషారత్నం వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. బావ గేటు అవతలే ఆగిపోయాడు.

"రండి, అక్కడే నిలబడిపోయారేంటి?"

బావ కదల్లేదు. తడిసిన నేల వైపు చెవి ఒగ్గి, "కాస్త ఉండు రత్నం, విననీ" అన్నాడు.