వేలి కింద వదులు దారం

కారు డిక్కీ తెరవగానే తడి రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. రొమ్ము దాకా వచ్చే రాజు గారి నీటి బూట్లు. పోయిన వారం సరిగా ఆరబెట్టలేదు. ఆయనైతే ఊరుకునేవారు కాదు. ఆయన పోయాక వాళ్లావిడ, ఆంటీ, వాటిని నాకిచ్చారు. రెండు సైజులు పెద్దవి కావడంతో మేజోళ్లు రెండు జతలు వేసుకుని ఏట్లోకి దిగుతున్నాను.

రాజు గారిది భీమవరం వైపు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో చాలా ఏళ్లు ఎముకల డాక్టరుగా పనిచేశారు. నేనక్కడ జూనియర్‌గా చేరి, రెండోసారి పరీక్ష తప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతున్న రోజుల్లో క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"శనివారం డ్యూటీ రోటాలో ఉన్నావా?"

"లేనండి."

"అయితే టైన్ నదికి రా, గాలం వేద్దాం. చదువు సంగతి ఎత్తనులే."

గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరెక్కిన సాల్మన్ చేప ఇక ఏమీ తినదని ఆయనే చెప్పారు. మరి ఈకలు చుట్టిన మన గాలాన్ని ఎందుకు పట్టుకుంటుందని అడిగాను. "తెలిస్తే ముప్పై ఏళ్లుగా ఈ చలిలో ఎందుకు నిలబడతానయ్యా?" అన్నారు.

అక్కడి పద్ధతులు రెండు నేర్పారు. గాలం విసిరిన ప్రతిసారీ ఒక అడుగు దిగువకు జరగాలి, వెనక వచ్చేవాడికి చోటివ్వాలి. రెండోది, వేలి కింద జానెడు దారం వదులుగా ఉంచుకోవాలి. చేప పట్టగానే లాగకూడదు. ఆ దారం దానికి ఇచ్చి, అది తిరిగి వెళ్లేదాకా ఆగి, అప్పుడు గాలం కర్ర ఎత్తాలి. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది రాలేదు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద, బెండు మునగగానే గుంజడం నేర్చుకున్న చెయ్యి నాది. ఆయనదీ అలాంటిదే. మానడానికి అయిదేళ్లు పట్టిందట.

మూడో ప్రయత్నంలో పరీక్ష పాసయ్యాను. శనివారాలు మాత్రం మానలేదు. ఏళ్లు గడిచినా ఒక్క సాల్మన్ కూడా నా చేతికి రాలేదు. "నువ్వొకటి పట్టేది చూసి నా కర్ర పక్కన పెడతాను" అనేవారు.

పోయిన ఏడాది సీజన్ చివరి వారం. ఆయన కాళ్లు ప్రవాహంలో నిలవడం లేదు. ఎవరూ దిగని మడుగులో ముందు దిగినవాడికే చేప తగిలే అవకాశం ఎక్కువ.

"అంకుల్, ఇవాళ ముందు మీరు దిగండి."

"ఏం, ముసలాణ్ణని జాలా? దిగు, దిగు."

దిగాను. నాలుగో విసురుకే దారం బరువెక్కింది. నా చెయ్యి గుంజేసింది. నీళ్లలో ఒక వెండి మెరుపు, ఆ తర్వాత ఏమీ లేదు. వెనక్కి తిరిగి ఆయన ముఖం చూడలేకపోయాను.

"చూశావా, ఎంత బాగా పట్టిందో!" గట్టు మీద నుంచి ఆయన నవ్వుతున్నారు. "నీ చెయ్యింకా మన కాలవ గట్టు దిగలేదోయ్. సరే, ఒక అడుగెయ్. మళ్లీ విసురు."

ఆ రోజు ఆయన ఏట్లోకి దిగలేదు. ఫ్లాస్కులో టీ చల్లారేదాకా నన్నే చూస్తూ కూర్చున్నారు. చలికాలం దాటకుండానే వెళ్లిపోయారు.

క్లినిక్‌లో రోగి మాట మధ్యలో ఆగిపోతే, వెంటనే అందుకోకుండా ఉండటం నాకిప్పుడు కొంత వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో నాకు తెలుసు.

ఈ ఉదయం అదే మడుగులో దారం బిగిసింది. నా వేలు వదిలింది. ఆగాను. అప్పుడు కర్ర ఎత్తాను. చాలాసేపటికి చేప ఒడ్డు దగ్గరికి వచ్చింది. పట్టినదాన్ని వదిలేయడం ఇక్కడి ఆనవాయితీ. నీళ్లలోనే ఉంచి గాలం తీసి, అది తేరుకునేదాకా రెండు చేతులతో పట్టుకున్నాను. తోక విదిల్చి లోతుకు వెళ్లిపోయింది. గట్టు వైపు తిరిగి చూశాను.

తర్వాత ఒక అడుగు దిగువకు జరిగాను. వెనక ఎవరూ లేరు. మళ్లీ విసిరాను.