అత్త కట్టిన మడవ

పుప్పాలగూడలో మా ఫ్లాటుకు ఒకే ఏసీ యంత్రం నుంచి గొట్టాల గుండా అన్ని గదులకూ గాలి వస్తుంది. ఆ వర్షాకాలం అత్త గదిలో గాలి వచ్చే జాలీ చుట్టూ, సీలింగు మీద నల్ల బూజు పట్టింది. మొదట ఆవాలు చల్లినట్టు, తర్వాత మాడిన పెనం అడుగులా.

అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశాను. మనిషి వచ్చి తుడిచి, పైన తెల్లరంగు పూసి వెళ్లాడు. బూజు మళ్లీ వచ్చింది. మళ్లీ ఫిర్యాదు చేస్తే, వంట చేసేటప్పుడు కిటికీలు తీసి పెట్టుకోమని సెక్రటరీ వాట్సాప్ గ్రూపులో, అందరూ చూస్తుండగా, నాకు సలహా ఇచ్చాడు. మా వంటిల్లు ఒక మూల, ఆ గది ఇంకో మూల. ఆయన పుట్టినరోజుకు గ్రూపంతా కేకు బొమ్మలు పెట్టింది. నేను ఇప్పటికీ పెట్టలేదు.

అసలు బాధ అత్త దగ్గు. ఆ బూజు వాసనకు పొద్దున లేస్తూనే అందుకునేది. చివరికి ఒకరోజు సంచి సర్దడం మొదలుపెట్టింది. ప్రగతి నగర్‌లో మరిది వాళ్లింట్లో ఏసీ లేదు. "కొన్నాళ్లు చిన్నోనింట్లో ఉంటాలేమ్మా. ఆడ గాలి బాగుంటాది" అంది. శనివారం ప్రయాణం.

నాకు మండింది. అత్తది అనంతపురం పక్క పల్లె, నాది గుంటూరు. పెళ్లయిన కొత్తలో కష్టపడి నేర్చుకుని మరమరాలతో వాళ్ల ఉగ్గాని చేసిపెడితే, తిని, "బొరుగులు ఎవరు తెచ్చినారో గానీ మంచివి తెచ్చినారు" అంది. అది నేను మరిచిపోలేదు. ఇప్పుడు నా ఇంటి గాలికీ వంక. తోడికోడలు ఇది నలుగురికీ చెప్పకుండా ఊరుకుంటుందా? పైగా, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ నేను మొదలుపెట్టే గొడవలన్నీ చివరిదాకా వినేది అత్త ఒక్కతే. మా ఆయన సగంలోనే పోనీలే అంటాడు. ఆమె వెళ్లిపోతే నేను ఎవరికి చెప్పుకోవాలి?

శనివారం పొద్దున్నే మా ఆయన చేత నిచ్చెన పట్టించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, జాలీ మరలు నేనే విప్పాను. ఆఖరి మర ఊడగానే తడిసిన మూట ఒకటి నా భుజం మీద పడింది. అత్త పాత నేతచీర. మడతపెట్టి గొట్టం నోట్లో కుక్కారు. చల్లదనానికి అక్కడంతా చెమర్చి, గుడ్డ నాని, బూజు అల్లుకుంది.

"ఇది ఎవరు పెట్టారత్తా?"

అత్త మంచం మీద సంచి పక్కన కూర్చుని ఉంది. "నేనే. బల్బు మార్చను వచ్చిన ఆయప్పతో పెట్టిస్తి."

"ఎందుకు?"

"నీ గదిలో గాలి చాల్దని ఎండలు మొదలైనకాడ్నుంచి పోరుతాంటివి గదా. ఈ మడవ కట్టేస్తే నీ పక్కకు ఎక్కువ పారుతాదిలే అనుకుంటి. నాకు ఫ్యాను చాలు."

వాళ్ల పొలంలో ఒక మడి తడవగానే కాలువ గండికి మట్టి అడ్డం వేస్తారు. నీళ్లు పక్క మడికి మళ్లుతాయి. మడవ కట్టడమంటే అదే. నిజమే, ఆ ఎండాకాలం మధ్యలో మా గది బాగా చల్లబడింది. నా ఫిర్యాదులకు అసోసియేషన్ దిగివచ్చిందనుకుని, ఆ సంగతి అత్తకే గొప్పగా చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది.

"నాకు చెప్పొచ్చు కదా" అన్నాను, నిచ్చెన మీది నుంచే.

"చెప్తే ఊరుకుంటావా నువ్వు? నీ మీద నువ్వే కంప్లైంటు పెట్టుకుంటావు."

మా ఆయన నవ్వితే నిచ్చెన ఊగింది. నేను నవ్వలేదు.

బూజు గీకి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, బాగా ఆరనిచ్చి రంగు వేయించాం. అన్నాళ్లూ అత్తను హాల్లో పడుకోబెట్టాను. దగ్గు మెల్లగా తగ్గింది. సంచి నేనే ఖాళీ చేసి, అటక మీద ఆమెకు అందనంత లోపలికి తోశాను.

ఇప్పుడు మా గదిలో మళ్లీ గాలి చాలడం లేదు. ఆ మాట అత్త ముందు అనను. సెక్రటరీకి మాత్రం రాస్తూనే ఉన్నాను.